షియర్ అంటే కోతేనా? అలాగైతే బీమ్ పగులు ఏటవాలుగా ఎందుకొస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డిప్లొమా సివిల్ వైవాలో షియర్ అంటే ఏమిటని అడిగితే మీరు ‘కోత’ అన్నారు. ‘కోతే అయితే బీమ్ నిలువుగా తెగాలి కదా, పగులు ఏటవాలుగా ఎందుకొస్తుంది?’ అని ఎగ్జామినర్ అడిగేసరికి ఆగిపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ టిడ్కో ఇళ్ల షియర్ వాల్, ట్రాక్టర్ షియర్ బోల్టు, తుఫాను వార్తల్లో విండ్ షియర్, గొర్రెల షియరింగ్, ఇవన్నీ ఒకటేనా అని కూడా అడిగారు. తెలుగులో దీన్ని ఏమనాలో చెప్పమన్నారు.

ముప్పై ఏళ్లకు పైగా స్ట్రక్చరల్ డిజైన్ చేశాను. నా దగ్గర పనిచేసిన ఇంజినీర్లలో చాలామంది ఇదే చోట తడబడ్డారు. లెక్క వచ్చు, ఫార్ములా వచ్చు, షియర్ ఫోర్స్ డయాగ్రామ్ కళ్లు మూసుకుని గీస్తారు. కానీ లోపల ఏం జరుగుతోందో కనబడదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ‘కోత’ అనే మాటను పక్కన పెట్టండి. ఇంగ్లిష్‌లో ఈ మాట కోత నుంచే పుట్టింది, కాదనను. పాత ఇంగ్లిష్‌లో కత్తిరించడానికి వాడిన క్రియ నుంచి షియర్ వచ్చింది. వాటా అనే అర్థంలో వాడే షేర్, పొట్టి అనే షార్ట్, చొక్కా అనే షర్ట్ కూడా ఆ కుటుంబం లోనివే. టిడ్కో ఇళ్ల వార్తల్లో కొన్నిచోట్ల ‘షేర్ వాల్’ అని పడింది. అచ్చుతప్పే అయినా చుట్టరికం ఉన్న తప్పు. సంస్కృతంలో కత్తెరను కర్తరి అంటారు, దాని ధాతువు కూడా ఈ మూలానికే చేరుతుందని భాషావేత్తలు చెబుతారు. మే నెలలో కర్తరి వచ్చిందంటే మన మేస్త్రీలు ముగ్గు పోయరు, పునాది తీయరు. ఆ కర్తరీ ఈ మాటే.

అయితే ఫిజిక్స్‌లోకి వచ్చాక షియర్ అంటే తెగడం కాదు. పక్కపక్కనే అంటుకుని ఉన్న రెండు పొరల్లో ఒకటి ఇటు, ఇంకొకటి అటు జారాలని చూడటం. తెగితే అది ఆ జారుడుకు వచ్చిన ఫలితాల్లో ఒకటి, అంతే. తెగకుండా వంకర పోవచ్చు, కారిపోవచ్చు, నలిగిపోవచ్చు, చిరిగిపోవచ్చు. పదార్థాన్ని బట్టి ఉంటుంది.

ఇది మన ఇళ్లలో తెలిసిన సంగతే. రోట్లో దంచడం వేరు, రుబ్బడం వేరు అని మన అమ్మమ్మలకు తెలుసు. దంచేటప్పుడు రోకలి బలం నిట్టనిలువుగా దిగుతుంది. రుబ్బేటప్పుడు, నూరేటప్పుడు, తిరగలి విసిరేటప్పుడు పనిచేసేది పక్కకు జరిగే కదలిక. తిరగలిలో కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, కందిగింజ మధ్యలో చిక్కుకుంటుంది. పైభాగాన్ని ఒకరు ముందుకు లాగుతుంటే కిందిభాగాన్ని ఇంకొకరు పట్టి ఉంచుతారు. గింజ రెండు బద్దలవుతుంది. షియర్‌కు నాకు తెలిసి దీన్ని మించిన బొమ్మ లేదు. ఎక్కడ షియర్ అనే మాట విన్నా తిరగలిని తలుచుకుని, ఇక్కడ పై రాయి ఏది, కింది రాయి ఏది, మధ్యలో నలిగేది ఏది అని వెతకండి.

ఇప్పుడు ఎగ్జామినర్ అడిగిన ప్రశ్నకు వద్దాం. ఒక లావుపాటి పుస్తకం తీసుకోండి. పేజీల అంచులు కనబడే పక్క మీద పెన్నుతో ఒక చదరం గీసి, దాని రెండు కర్ణాలూ గీయండి. పుస్తకాన్ని బల్ల మీద పడుకోబెట్టి అట్ట మీద చెయ్యి ఆనించి పక్కకు తొయ్యండి. పేజీలు ఒకదాని మీద ఒకటి జారతాయి. చదరం కాస్తా వాలిపోతుంది. కర్ణాలను చూడండి: ఒకటి సాగింది, ఇంకొకటి కుంచించుకుపోయింది. మీరు పుస్తకాన్ని ఎక్కడా లాగలేదు, పక్కకు నెట్టారంతే. అయినా ఒక ఏటవాలు దిక్కులో సాగుడు పుట్టింది, దానికి అడ్డంగా ఉన్న దిక్కులో నొక్కుడు పుట్టింది. షియర్ ఎక్కడుంటే అక్కడ 45 డిగ్రీల వాలులో టెన్షన్ (లాగుడు), కంప్రెషన్ (నొక్కుడు) ఉండి తీరతాయి. అవి వేరే బలాలు కావు, ఒకే సంగతిని రెండు కోణాల నుంచి చూడటం.

కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. నొక్కితే తట్టుకునే దానిలో లాగితే తట్టుకునేది సుమారు పదో వంతు. అందుకని షియర్‌లో జారి తెగే దాకా అది ఆగదు, అంతకన్నా ముందే సాగుతున్న కర్ణానికి అడ్డంగా చిరుగుతుంది. అదే మీ ఏటవాలు పగులు. సపోర్టు దగ్గర అడుగు నుంచి మొదలై లోడ్ వైపు పైకి వాలుతూ వెళ్తుంది. వైవాలో ఈ రెండు మాటలు చెప్పి ఉంటే చాలు.

నమ్మకం కుదరకపోతే ఒక చాక్‌పీస్ తీసుకుని రెండు కొసలూ పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. అడ్డంగా తెగదు. విరిగిన చోట ముఖం మరచుట్టులా, 45 డిగ్రీల వాలులో ఉంటుంది. అదే మెలిక మెత్తటి ఇనుప కడ్డీకి ల్యాబ్‌లో పెడితే చాలా తిరిగి తిరిగి, చివరికి కత్తితో కోసినట్టు అడ్డంగా, చదునుగా తెగుతుంది. ఇనుము లాగుడుకు గట్టిదే, జారుడుకు ముందు లొంగుతుంది. లాగితే సాగడం మొదలయ్యే ఒత్తిడిలో సుమారు 58 శాతం వద్దే షియర్‌లో లొంగిపోతుంది. ఇక ఎండు వెదురు కర్రను మెలిపెడితే అడ్డంగానూ కాదు, వాలుగానూ కాదు, నారల వెంట నిలువునా చీలుతుంది. మూడింటి మీదా పడిన మెలిక ఒకటే, లోపల షియర్ ఒకటే. ఎవరి బలహీనత ఎక్కడుందో అక్కడ తెగారు. మా ల్యాబ్‌లో ఈ విరిగిన ముక్కలు మూడూ పక్కపక్కన పెట్టి చూపించిన రోజు నాకు షియర్ అర్థమైంది. అప్పటికి పరీక్ష పాసై ఏడాది దాటింది.

వెదురులా నారల వెంట చీలడం గురించి ఇంకొంచెం చెప్పాలి, చెక్క దూలాల్లోనూ అదే జరుగుతుంది. బీమ్ మీద లోడ్ నిలువుగా పడుతుంటే అడ్డ షియర్ ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. రెండు చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కొసల కింద ఇటుకలు పెట్టి, మధ్యలో కూర్చోండి. పలకలు వంగుతాయి, కొసల దగ్గర చూస్తే పైపలక కిందిపలక మీద కొంచెం జారి ఉంటుంది. ఇప్పుడు అవే పలకల్ని జారకుండా బాగా బోల్టులు బిగించి, జిగురు పెట్టి ఒక్కటి చేస్తే నాలుగు రెట్లు బిగువు వస్తుంది. ఒకే దుంగలో ఆ జిగురు పని చెక్క నారలే చేస్తుంటాయి. 1840ల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కోకు రైలు మార్గం వేస్తున్నప్పుడు డిమిత్రీ జురావ్‌స్కీ అనే యువ ఇంజినీరు చెక్క వంతెనల పని చూశాడు. దూలాలు అడ్డంగా విరగడం కన్నా నిలువునా, పొడుగు వెంట చీలడం ఆయన ప్రత్యేకంగా గమనించాడు. లోతు మధ్యలో ఈ జారుడు ఎంతుంటుందో లెక్కగట్టాడు. మీరు పుస్తకంలో చదివే బీమ్ షియర్ ఫార్ములా ఆయనదే. దీర్ఘచతురస్రాకారపు దూలానికి మధ్య లోతులో సగటుకు ఒకటిన్నర రెట్లు షియర్ వస్తుందనేది అందులోంచే తేలుతుంది.

ఇక రింగులు. సైట్‌లో స్టిరప్స్ అని ఎవరూ అనరు, రింగులే. చాలామంది రాడ్ బెండింగ్ మేస్త్రీలు రింగులంటే మెయిన్ రాడ్లు చెదరకుండా పట్టుకునే కట్లు అనుకుంటారు. ఆ పనీ చేస్తాయి. కానీ అసలు పని ఏటవాలు పగులుకు కుట్టు వేయడం. పగులు విచ్చుకోబోతుంటే దాన్ని దాటి వెళ్లే రింగు కాళ్లు లాగి పట్టుకుంటాయి. పగులును దాటే రింగే లేకపోతే పట్టుకునే దిక్కు లేదు. అందుకే పిల్లర్ దగ్గర, షియర్ ఎక్కువున్న చోట, దగ్గర దగ్గరగా వేయమని డ్రాయింగ్‌లో రాస్తాం.

ఒకసారి ఒక ఫంక్షన్ హాల్ పని. పేరు అనవసరం. పిల్లర్ల పక్కన 4 అంగుళాలకు, మధ్యలో 8 అంగుళాలకు రింగులు అని నేనిచ్చిన డ్రాయింగ్. బీమ్ అంతా 8 అంగుళాలకే కట్టేశారు. కాంక్రీటు పోసే రోజు నేను వేరే ఊళ్లో ఉన్నాను. చూసే మనిషిని పంపకపోవడం నా తప్పు. సెంట్రింగ్ విప్పి, పైన గోడ, ఫ్లోరింగ్ పడ్డాక ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే పిల్లర్ ముఖానికి జానెడు దూరంలో అడుగు నుంచి మొదలై పైకి వాలిన గీత. వెంట్రుక కన్నా కొంచెం లావు. మిగతా బీమ్ నున్నగా ఉంది, కిందికి కుంగింది కూడా లేదు. నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే బెండింగ్‌లో పోయే బీమ్ ముందే చెబుతుంది: వంగుతుంది, మధ్యలో సన్నటి పగుళ్లు చాలా వస్తాయి, జనం బయటికి వెళ్లడానికి టైమ్ ఇస్తుంది. షియర్‌లో పోయే బీమ్ ఒక్క గీత చూపించి ఒక్కసారిగా పోతుంది. అదే గంటలో కింద ప్రాప్స్ (తాత్కాలిక ఆనింపు స్తంభాలు) పెట్టించాం, పైన పనంతా ఆపించాం, తర్వాత ఆ కొసలన్నిటికీ జాకెటింగ్, అంటే చుట్టూ అదనపు తొడుగు వేసి బలపరచడం, చేయించాం. ఆ రోజు నుంచి పోత ముందు రింగులు నేనే టేపు పెట్టి కొలుస్తాను.

కాంక్రీటే షియర్ మోసుకుంటుందిలే అనుకుంటే ఏమవుతుందో 1955లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం షెల్బీలో తెలిసింది. విల్కిన్స్ ఎయిర్ ఫోర్స్ డిపో గోదాం పైకప్పు బీములు రింగులు లేని చోట తెగి కూలాయి. ఆ తర్వాతే అక్కడి కోడ్‌లో షియర్ నిబంధనలు గట్టిపడ్డాయి. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 కూడా ముఖ్యమైన బీముల్లో, లెక్కకు అవసరం లేదనిపించినా, కనీస రింగులు ఉండాలంటుంది. నిలువు రింగుల మధ్య దూరం బీమ్ ఎఫెక్టివ్ లోతులో (నొక్కుడు పడే అంచు నుంచి లాగుడు రాడ్ల మధ్య దాకా ఉన్న లోతులో) ముప్పావు వంతు, 300 మి.మీ., ఈ రెండిట్లో తక్కువైన దాన్ని దాటకూడదు. భూకంపాలకు డిజైన్ చేసే ఫ్రేములకు ఐఎస్ 13920 ఇంకా కఠినం: మొదటి రింగు పిల్లర్ ముఖం నుంచి 50 మి.మీ. లోపే ఉండాలి, కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంచాలి. 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే రింగుల మీది కాంక్రీటు పొర (కవర్) రాలగానే రింగు విచ్చుకుంటుంది.

పంచింగ్ షియర్ కూడా ఇదే, కాకపోతే నాలుగు వైపులా. బీములు లేని ఫ్లాట్ స్లాబ్‌లో పిల్లర్ మేకులా పైకి పొడుచుకువస్తుంది, స్లాబ్ కిందికి జారుతుంది. సియోల్‌లో సంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ 1995 జూన్ 29న ఇలాగే మొదలై కూలింది. 502 మంది పోయారు. పిల్లర్లను డిజైన్ కన్నా సన్నగా కట్టారు, పైకప్పు మీద బరువైన ఏసీ యూనిట్లను జరిపారు, పిల్లర్ల చుట్టూ పగుళ్లు కనబడుతున్నా అమ్మకాలు ఆపలేదు.

షియర్ వాల్ గురించి. వెనక ప్లైవుడ్ కొట్టని పుస్తకాల రాక్‌ను పక్కకు నెట్టి చూడండి, ఊగుతుంది. ప్రతి అరా వాలిపోయి పుస్తకం మీద గీసిన చదరంలా అవుతుంది. వెనక పల్చటి ప్లైవుడ్ షీట్ ఒక్కటి మేకులతో బిగించగానే కదలదు. ఆ షీట్ చేసేదే బిల్డింగ్‌లో షియర్ వాల్ చేస్తుంది: గాలికీ భూకంపానికీ చదరం వాలకుండా పట్టి ఉంచుతుంది. టిడ్కో ఇళ్లలో ఇటుక గోడలకు బదులు గోడలు, స్లాబ్ కలిపి కాంక్రీటుతో పోశారు కాబట్టి ఆ పేరు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద కారు పార్కింగ్ కోసం గోడల్లేని అంతస్తు ఉంది. పైన రాక్‌కు ప్లైవుడ్ ఉంది, కింది అరకు లేదు. భూకంపం అటూ ఇటూ ఊపుతుంది కాబట్టి కర్ణాలు వంతులవారీగా సాగుతాయి, గోడల మీద ఇంటూ గుర్తులా పగుళ్లు పడేది అందుకే.

ఇదే సంగతి దర్జీ షాపులో కూడా ఉంది. క్రాస్ కట్ జాకెట్ ఎందుకు ఒంటికి అమరినట్టు కూర్చుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? చేతిరుమాలును పడుగు వెంట లాగండి, సాగదు. పేక వెంట లాగండి, సాగదు. ఎదురెదురు మూలలు పట్టి లాగండి, ఎంతో సాగుతుంది. పోగు ఏదీ పొడవు పెరగలేదు. పడుగు, పేక కలిసే చోట కోణం మారింది, చిన్న చిన్న చదరాలన్నీ వాలిపోయాయి. బట్టకు షియర్‌ను తట్టుకునే బలం దాదాపు లేదు, ఆ బలహీనతనే దర్జీ పనికి వాడుకుంటాడు. బీమ్‌లో నేను భయపడే ఏటవాలు సాగుడు, జాకెట్‌లో ఆయనకు కావలసిన ఏటవాలు సాగుడు ఒకటే.

ఆ దర్జీ కత్తెర మాత్రం నిజంగా కోతే. అయినా కత్తెర పదునుతోనే కోస్తుందనుకోకండి. రెండు రేకులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోవాలి. రివెట్ వదులైందంటే ఎంత సాన పట్టించినా బట్ట రేకుల మధ్య మడత పడుతుంది. మధ్య ఖాళీ పెరిగితే జారుడు పోయి వంగుడు వస్తుంది. సైట్‌లో మెషీన్‌తో కోసిన రాడ్ కొస చూడండి. కొంత భాగం నున్నగా మెరుస్తుంటుంది, మిగతాది గరుకుగా ఉంటుంది. బ్లేడు దిగినంత మేర ఇనుము జారింది, ఆ తర్వాత తట్టుకోలేక పుటుక్కున తెగింది. ఒకే ముఖం మీద రెండూ కనిపిస్తాయి.

గొర్రెల షియరింగ్ కత్తెర పనే. తెలంగాణలో గొంగడికి ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె, నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. ఆస్ట్రేలియాలో జాకీ హౌ అనే ఆయన 1892లో చేతి కత్తెరతో ఒక్క రోజులో 321 గొర్రెలకు ఉన్ని తీశాడు. అలాంటి వాళ్ల నేర్పు వేగంలోనే లేదు. ఒకే చోట రెండోసారి కత్తెర పడితే పోగు పొట్టిదై ఉన్ని విలువ పోతుంది.

ట్రాక్టర్ షియర్ బోల్టు గురించి మా బావమరిది పుణ్యమా అని బాగా తెలుసు. రోటవేటర్‌కు రాయి తగిలితే తెగిపోవడానికే ఆ బోల్టు పెడతారు. మాటిమాటికీ తెగుతోందని ఆయన ఇంకా గట్టిదైన హైటెన్సైల్ బోల్టు వేశాడు. ఈసారి బోల్టు తెగలేదు, గేర్‌బాక్స్ పోయింది. కంపెనీ చెప్పిన గ్రేడ్ బోల్టు నాలుగు ఎప్పుడూ టూల్ బాక్స్‌లో ఉంచుకోమని అందరికీ చెబుతున్నాను.

ద్రవాల సంగతి వేరు. నీళ్లు షియర్‌ను నిలబడి తట్టుకోలేవు, కదిలిపోతాయి. ఎంత మొరాయిస్తూ కదులుతాయన్నదే స్నిగ్ధత. మామూలు గది వేడిలో ఆముదం స్నిగ్ధత నీటికి సుమారు వెయ్యి రెట్లు. కొన్ని ద్రవాలు కలిపే కొద్దీ పల్చబడతాయి, గోడ పెయింటు బ్రష్ కింద జారి గోడ మీద నిలిచేది అందుకే. భూకంప తరంగాల్లో ఎస్ తరంగాలు షియర్ తరంగాలు, ద్రవంలోంచి వెళ్లలేవు. భూమి లోపలి కేంద్రకం బయటి భాగం ద్రవమని మనకు తెలిసింది అలాగే, 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ దాన్ని తేల్చాడు. మట్టి మాత్రం నిలబడగలదు. రేణువుల ఒరిపిడి, బంక కలిసి జారుడును ఆపుతాయని ఫ్రెంచి ఇంజినీరు కూలుంబ్ 1773లోనే చెప్పాడు. కళ్లంలో ధాన్యపు రాశి ఒక వాలుకు మించి నిలవకపోవడం, గట్టు జారడం ఆ లెక్కే.

విండ్ షియర్, అంటే ఒక చోటికీ ఇంకో చోటికీ గాలి వేగమో దిక్కో మారిపోవడం, మన తీరానికి చాలా దగ్గరి సంగతి. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది, తేమకు కొదవ లేదు. అయినా పెద్ద తుఫానులు అరుదు, అల్పపీడనాలు, వాయుగుండాలతోనే సరిపెడుతుంది. ఎందుకంటే ఆ నెలల్లో కింద పడమటి గాలి, పైన 14-15 కిలోమీటర్ల ఎత్తున బలమైన తూర్పు గాలి. తిరగలి రాళ్లలా రెండూ ఎదురెదురు. మధ్యలో తుఫాను నిటారుగా నిలబడలేదు, తల ఒకవైపు, కాళ్లు ఒకవైపు అయిపోతాయి. రుతుపవనాలకు ముందూ వెనకా ఈ తేడా తగ్గుతుంది. 1977 నవంబర్ 19న దివిసీమ, 1990 మేలో మచిలీపట్నం, 2014 అక్టోబర్ 12న విశాఖ మీద హుద్‌హుద్, నెలలు చూస్తే మీకే తెలుస్తుంది. విమానానికి మాత్రం ఇదే షియర్ శత్రువు. దిగబోతున్నప్పుడు ఎదురుగాలి ఒక్కసారిగా వెనకగాలి అయితే రెక్కల మీద గాలి వేగం పడిపోతుంది. 1985లో డల్లాస్‌లో డెల్టా 191 విమానం అలా కూలిన తర్వాత అమెరికాలో విమానాల్లో విండ్ షియర్ హెచ్చరిక పరికరాలు తప్పనిసరి చేశారు.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి చెప్పాలి. మా నాన్నగారు మంచాన పడ్డప్పుడు, తినిపించడానికి తల వైపు బాగా ఎత్తి కూర్చోబెట్టేవాళ్లం. ఆయన మెల్లగా కిందికి జారేవారు, చంకల కింద చేతులేసి పైకి లాగేవాళ్లం. నడుము కింద పుండు పడింది. చూడటానికి వచ్చిన నర్సమ్మ ‘లాగకండి, దుప్పటితో సహా ఇద్దరు పట్టి ఎత్తండి’ అన్నారు. చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపల ఎముక జారుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి నలిగిపోతాయి. జీవితమంతా షియర్ లెక్కలు చేసిన నాకు అది తట్టలేదు. డాక్టర్ వేరేలా చెబితే తప్ప తల వైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఎక్కువసేపు ఉంచకూడదని అప్పుడే తెలిసింది. ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్లుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

తెలుగు మాట అడిగారు. తెలుగు మీడియం ఫిజిక్స్‌లో విరూపణ అని వాడారు, ఆకారం మారడం అని దాని భావం. కోత కన్నా అదే నయం, పరీక్షలో అదే రాయండి. సైట్‌లో మాత్రం మేస్త్రీకి విరూపణ అంటే అర్థం కాదు, షియర్ అన్నా అర్థం కాదు. ‘పిల్లర్ పక్కన బీమ్ వాలుగా చిరుగుతుంది, అక్కడ రింగులు దగ్గరగా వెయ్యి, కొక్కెం లోపలికి వంచు’ అంటాను. వెంటనే అర్థమవుతుంది. తర్వాత టేపు తీసి కొలుస్తాను.